'హెచ్‌పీవీ డీఎన్ఏ పాజిటివ్' అంటే ఏమిటి: వైరస్ డీఎన్ఏ కణంలో ఎక్కడుందన్నదే కీలకం

సంక్షిప్తంగా: గర్భాశయ ముఖద్వార పరీక్షలో హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) డీఎన్ఏ కనబడితే క్యాన్సర్ ఉన్నట్టు కాదు. వైరస్ డీఎన్ఏ కణంలో విడి వలయంగా ఉన్నంతకాలం చాలావరకు శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. ఆ వలయం తెగి కణపు క్రోమోజోమ్‌లో అతుక్కుని, అందులోని రెండు జన్యువులు అదుపు తప్పితే ముప్పు మొదలవుతుంది. అక్కడినుంచి క్యాన్సర్ దాకా సాధారణంగా ఏళ్లు పడుతుంది. పరీక్ష ఉపయోగపడేది ఆ వ్యవధిలోనే.

షోలాపూర్ తూర్పు భాగంలో మగ్గం మీద, బీడీల మీద బతికే తెలుగు కుటుంబాల్లో, నాందేడ్ జిల్లా దెగ్లూర్, ధర్మాబాద్ వైపు, ప్రాణహిత ఒడ్డున సిరోంచలో ఇంట్లో తెలుగు, దవాఖానాలో మరాఠీ, చేతికొచ్చే రిపోర్టులో ఇంగ్లిష్ నడుస్తాయి. 'హై రిస్క్ హెచ్‌పీవీ డీఎన్ఏ: డిటెక్టెడ్' అన్న ఒక్క వరుస ఇంటిల్లిపాదినీ కలవరపెడుతుంది. క్యాన్సర్ వచ్చేసిందని ఒకరు, గర్భసంచి తీయించేస్తే పీడ పోతుందని మరొకరు, నొప్పి లేదు కాబట్టి పట్టించుకోనక్కర్లేదని ఇంకొకరు అంటారు. మూడూ తప్పే. ఎందుకో తెలియాలంటే వైరస్ డీఎన్ఏ కణంలోకి చేరాక ఏమవుతుందో చూడాలి.

వైరస్‌కు కావలసింది క్యాన్సర్ కాదు

హ్యూమన్ పాపిలోమా వైరస్ జన్యు పదార్థమంతా దాదాపు 7,900 బేస్ జతల (డీఎన్ఏ అక్షరాల జతల) చిన్న వలయం. మనిషి కణంలో తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు సెట్లూ కలిపి 640 కోట్ల దాకా బేస్ జతలు ఉంటాయి. ఈ వైరస్ ముఖద్వారపు పొర అడుగున ఉండే కణాల్లో చేరి, కేంద్రకంలో విడి వలయంగా ఉంటూ, కణం విభజన చెందినప్పుడల్లా తానూ నకలవుతుంది. కణాలు పైకి జరిగి రాలిపోయే దశలో ఎల్1, ఎల్2 అనే ప్రోటీన్లతో తొడుగు కట్టుకుని బయటికి వస్తుంది. దాని జీవితచక్రం ఇంతే. ఇందులో కణాన్ని క్యాన్సర్‌గా మార్చాల్సిన అవసరం ఎక్కడా లేదు. చాలా మందిలో రోగనిరోధక శక్తి ఏడాది రెండేళ్లలో దీన్ని అణచేస్తుంది.

కొన్ని కణాల్లో మాత్రం కథ తప్పుతుంది. కణపు డీఎన్ఏ ఎక్కడో తెగుతుంది, వైరస్ వలయమూ తెగుతుంది. తెగిన చోట్లను అతికించే కణపు యంత్రాంగం ఆ రెండింటినీ కలిపి కుట్టేస్తుంది. హెచ్‌ఐవీ లాంటి రెట్రోవైరస్‌లకు ఇలా అతుక్కోవడం బతుకుతెరువు, అందుకు వాటి దగ్గర ప్రత్యేక ఎంజైమ్ ఉంటుంది. హెచ్‌పీవీకి అలాంటిదేమీ లేదు. దానికిది ప్రమాదం మాత్రమే. తెగి అతుక్కున్న వైరస్ ఇక పూర్తి వైరస్‌ను పుట్టించలేదు, మరొకరికి సోకనూ లేదు. కణానికి చేటు చేసే ఈ ఘటన వైరస్‌కూ చివరి మజిలీయే. క్యాన్సర్ గడ్డగా మారిన కణాల్లో వైరస్ కణికలు కనబడక, డీఎన్ఏ ముక్కలు మాత్రమే దొరకడానికి కారణం ఇదే.

ఏ జన్యువు తెగింది, ఏది మిగిలింది

వలయం తరచుగా ఈ1, ఈ2 (ఇంగ్లిష్‌లో E1, E2) అనే వైరస్ జన్యువుల ప్రాంతంలో తెగుతుంది. ఈ2 ప్రోటీన్ పని ఈ6, ఈ7 జన్యువులను అదుపులో ఉంచడం. అది పోయాక ఆ రెండూ ముక్కుతాడు తెగిన ఎద్దుల్లా నడుస్తాయి. ఈ6 ప్రోటీన్ కణంలోని ఈ6ఏపీ అనే ఎంజైమ్‌ను తోడు తీసుకుని పీ53ని ధ్వంసం చేయిస్తుంది. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు విభజనను ఆపి, కుదరకపోతే కణాన్ని చావనిచ్చేది పీ53యే. ఈ7 వెళ్లి ఆర్‌బీ ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. విభజన మొదలు కాకుండా ఆపి ఉంచే కాపలా అది. రెండు కాపలాలూ ఒకేసారి పోయిన కణంలో తప్పులు పేరుకుంటాయి. వాటిలో కొన్ని కణాన్ని క్యాన్సర్ వైపు తోస్తాయి.

అతుక్కోవడం వల్ల మరో నష్టమూ ఉంది. ఈ6, ఈ7ల ఆర్‌ఎన్ఏ (ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి తీసే నకలు) చివర సహజంగా ఉండే భాగం దాన్ని తొందరగా చెదిరిపోయేలా చేస్తుంది. అతుక్కున్నాక ఆ చివర పోయి, పక్కనున్న మనిషి జన్యువు ముక్క వచ్చి చేరుతుంది. ఆర్‌ఎన్ఏ ఎక్కువసేపు నిలిచి, ప్రోటీన్ మరింతగా తయారవుతుంది. అతుక్కున్న చోటు కూడా కొన్నిసార్లు కీడు చేస్తుంది. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ ముఖద్వార క్యాన్సర్ నుంచి తీసి, ఇప్పటికీ ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెంచుతున్న హీలా కణాల్లో హెచ్‌పీవీ 18 ముక్కలు 8వ క్రోమోజోమ్ మీద, మిక్ అనే పెరుగుదల జన్యువుకు సమీపంలో ఉన్నాయి. 2000లో ఆ కణాల్లోకి ఈ2 ప్రోటీన్‌ను తిరిగి పంపితే ఈ6, ఈ7 అణిగిపోయి, కణాలు విభజన ఆపి ముసలివైపోయాయి. అర్ధ శతాబ్దం పాటు పెరిగిన తర్వాత కూడా ఆ కణాలు బతకడానికి అదే రెండు వైరస్ జన్యువుల మీద ఆధారపడి ఉన్నాయన్నమాట. వైరస్ వచ్చి దెబ్బకొట్టి వెళ్లిపోయిందన్న ఊహకు ఇక్కడ చోటు లేదు.

ప్రతి గడ్డలోనూ అతుకు ఉండి తీరాలని కాదు. 2017లో వెలువడిన అమెరికా క్యాన్సర్ జీనోమ్ అధ్యయనంలో హెచ్‌పీవీ 18 గడ్డలన్నింటిలోనూ, హెచ్‌పీవీ 16 గడ్డల్లో 76 శాతంలోనూ అతుకు కనబడింది. మిగతావాటిలో వలయం విడిగానే ఉన్నా, ఈ2 వచ్చి కూర్చోవలసిన చోట్లు రసాయన గుర్తులతో మూసుకుపోవడం లాంటి వేరే మార్గాల్లో అదే ఫలితం రావచ్చు. ఏ దారిన వచ్చినా చివరికి ఈ6, ఈ7 అదుపు తప్పడమే ముఖ్యం.

అతుక్కుందని ఎలా తేలింది

ఈ ప్రశ్న మొదట హెచ్‌పీవీ మీద కాదు, ఎస్‌వీ40 అనే కోతి వైరస్ మీద తేలింది. పోలియో టీకా కోసం పెంచిన కోతి మూత్రపిండ కణాల్లో 1960లో దీన్ని కనుగొన్నారు. కోతి కణాల్లో ఇది పెరిగి కణాలను చంపుతుంది. ఎలుక కణాల్లో పూర్తిగా పెరగలేదు, కానీ కొన్నింటిని క్యాన్సర్ తరహా కణాలుగా మారుస్తుంది. మారిన కణాల్లో వైరస్ కనిపించదు. మరి దాని డీఎన్ఏ ఉన్నట్టా, పోయినట్టా? 1967లో మారిన కణాలను మామూలు కోతి కణాలతో కలిపి ఒక్కటి చేస్తే వైరస్ మళ్లీ బయటికొచ్చింది. అంటే జన్యువు లోపలే ఉంది. 1968లో శాస్త్రవేత్త రెనాటో డల్‌బెక్కో బృందం మారిన కణాల డీఎన్ఏను క్షారంలో విప్పి, పరిమాణాన్ని బట్టి వేరుచేసి చూసింది. వైరస్ వరసలు చిన్న వలయాలతో పాటు కాకుండా భారీ క్రోమోజోమ్ పోగులతోనే కదిలాయి. ఊరికే అంటుకుని ఉంటే క్షారంలో విడిపోవాలి. విడిపోలేదు కాబట్టి రసాయన బంధంతోనే కలిసిందని తేల్చారు. డల్‌బెక్కోకు 1975లో నోబెల్ వచ్చింది.

అదే 1975లో వచ్చిన సదరన్ బ్లాట్‌తో, అంటే డీఎన్ఏను కోసి కావలసిన ముక్కను వెతికే పద్ధతితో, ఎక్కడ, ఎన్ని అన్నవీ చూడగలిగారు. హెచ్‌పీవీ 16 పని ఇలా నడుస్తుంది. గడ్డ నుంచి తీసిన 10 మైక్రోగ్రాముల డీఎన్ఏను, అంటే సుమారు 15 లక్షల కణాల డీఎన్ఏను తీసుకుంటారు. ఒక్కో కణంలో ఒకే ప్రతి ఉంటే అందులో వైరస్ వాటా 12 పికోగ్రాములే. ఒక భాగాన్ని, నిర్ణీత అక్షరాల వరస ఉన్నచోటే డీఎన్ఏను కోసే బామ్ హెచ్‌వన్ ఎంజైమ్‌తో కోస్తారు. అది హెచ్‌పీవీ 16 వలయాన్ని ఒక్కచోటే కోస్తుంది. మరో భాగాన్ని వైరస్‌ను అసలే కోయని ఎంజైమ్‌తో కోస్తారు. 0.8 శాతం అగరోజ్ జెల్‌లో నడిపి, సోడియం హైడ్రాక్సైడ్‌తో పోగులు విడదీసి, నైలాన్ పొర మీదికి దించి, రేడియోధార్మిక వైరస్ డీఎన్ఏతో వెతుకుతారు.

చదవడం ఇలా. విడి వలయాలే ఉంటే బామ్ హెచ్‌వన్‌తో కోసిన నమూనా నడిచిన గీతలో 7,900 బేస్ జతల దగ్గర ఒకే పట్టీ వస్తుంది. అతుక్కుని ఉంటే కోత ఒకటి వైరస్‌లోనూ, రెండోది ఎక్కడో మనిషి డీఎన్ఏలోనూ పడుతుంది కాబట్టి వేరే పరిమాణాల్లో పట్టీలు వస్తాయి. కోయని ఎంజైమ్ గీతలో విడి వలయం తనదైన చోట నిలిస్తే, అతుక్కున్నది పెద్ద పోగుల్లో కలిసి కనబడుతుంది.

ఇక్కడ రెండు చోట్ల పొరబాటు పడతారు. ఎంజైమ్ సరిగా కోయకపోతే సగం కోసిన ముక్కలు కొత్త పట్టీల్లా కనబడి అతుకు ఉన్నట్టు భ్రమ కలిగిస్తాయి. దీనికి విరుగుడుగా అదే డీఎన్ఏలో వైరస్ లేని ఒక మనిషి జన్యువును కూడా వెతికి, దాని పట్టీ శుభ్రంగా వచ్చిందో లేదో చూస్తారు. రెండోది ఇంకా ముఖ్యం. వైరస్ ప్రతులు తలా తోకా కలిసి వరసగా అతుక్కుంటే, వరసలోని ఒక్కో ప్రతీ 7,900 బేస్ జతల ముక్కనే ఇస్తుంది. విడి వలయానికీ దానికీ తేడా తెలియదు. కాస్కి అనే కణాల్లో హెచ్‌పీవీ 16 ఇలాగే 400 నుంచి 600 ప్రతులుగా ఉంటుంది. సిహా కణాల్లో ఒకటి రెండు ప్రతులే ఉంటాయి. రెండూ ముఖద్వార క్యాన్సర్ కణాలే. ప్రతుల సంఖ్యకూ రోగ తీవ్రతకూ నేరుగా లంకె లేదని ఈ ఒక్క పోలికే చెబుతుంది. కొన్ని ప్రయోగశాలలు రిపోర్టులో ఇచ్చే 'వైరల్ లోడ్' అంకెను చూసి బెదిరిపోవాల్సిన పని లేదు.

తర్వాతి కాలంలో డీఎన్ఏ నకళ్లు పెంచి చూసే పీసీఆర్‌తో ఈ2, ఈ6 నిష్పత్తి లెక్కించే పద్ధతి వచ్చింది. రెండూ సమానంగా ఉంటే విడి వలయం, ఈ2 లేకపోతే అతుకు, మధ్యలో ఉంటే రెండూ కలిసి ఉన్నట్టు. ఇది తొందరగా తేలే పద్ధతే గానీ, ఈ2 చెక్కుచెదరకుండా అతుక్కున్న ప్రతులను పట్టుకోలేదు. వైరస్ వరసలను ఏరి, అతుకు అంచులను అక్షరం అక్షరం చదివే సీక్వెన్సింగ్ ఇప్పుడు నమ్మదగిన మార్గం. ఒకే గడ్డలోని కణాలన్నీ ఒకే తల్లికణం నుంచి వచ్చినవి కాబట్టి అతుకు అంచు అన్నింటిలోనూ ఒకటే ఉంటుంది. వేరే మనిషి గడ్డలో వేరేగా ఉంటుంది.

మిగతా వైరస్‌ల తీరు

హెపటైటిస్ బి వైరస్ డీఎన్ఏ 3,200 బేస్ జతలే. సోకిన తొలి రోజుల్లోనే కొన్ని కాలేయ కణాల్లో అతుక్కుంటుంది. ఆ ముక్క పూర్తి వైరస్‌ను తయారు చేయలేదు కానీ, ఉపరితల ప్రోటీన్‌ను తయారు చేస్తూనే ఉంటుంది. మందులు వాడి వైరల్ లోడ్ తగ్గినా, ఆ ఉపరితల ప్రోటీన్‌ను వెతికే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష పాజిటివ్‌గానే మిగలడానికి ఇదొక కారణం. కాలేయ గడ్డల్లో ఈ ముక్క తరచుగా టెర్ట్ అనే జన్యువు పక్కన దొరుకుతుంది. కణం ముసలిది కాకుండా చూసే జన్యువది.

ఎప్‌స్టైన్ బార్ వైరస్ దారి వేరు. లక్షా డెబ్భై వేల బేస్ జతల ఆ పెద్ద డీఎన్ఏ చాలావరకు అతుక్కోకుండానే, ఈబీఎన్ఏ1 అనే ప్రోటీన్‌తో క్రోమోజోమ్‌కు కట్టుకుని తరాలు దాటుతుంది. 2008లో కనుగొన్న, ఒక చర్మ క్యాన్సర్ తెచ్చే మెర్కెల్ కణ వైరస్‌లో తీరు మరీ విచిత్రం. దాని టీ ప్రోటీన్ సగానికి తెగి ఉన్న రూపమే గడ్డల్లో దొరుకుతుంది. పూర్తి రూపంలో ఉంటే క్రోమోజోమ్ మధ్యలోనే వైరస్ నకళ్లు తీయడం మొదలై కణం నాశనమయ్యేది. తెగినందువల్లే కణం బతికింది, గడ్డ కట్టింది.

మారిన కణాన్ని మనిషి పనికి వాడుకున్న సందర్భమూ ఉంది. 1973లో తయారైన, '293' అని పేరున్న మనిషి కణాల 19వ క్రోమోజోమ్‌లో ఎడినోవైరస్ 5 జన్యు పదార్థపు ఎడమ కొస, సుమారు 4,300 బేస్ జతలు, అతుక్కుని ఉన్నాయి. పుణెలో కోవిషీల్డ్ తయారీకి ఈ కుదురుకు చెందిన కణాలనే వాడారు. టీకాలోని ఎడినోవైరస్‌లో తీసేసిన ఈ1 జన్యువు (పేరు ఒకటే గానీ హెచ్‌పీవీ ఈ1 కాదు) లోటును ఆ కణాలే తీరుస్తాయి. మనిషి ఒంట్లో ఆ జన్యువు దొరకదు కాబట్టి టీకా వైరస్ పెరగదు.

పరీక్ష ఏమి చూస్తుంది, ఎక్కడ తప్పుతుంది

ఆసుపత్రిలో చేసే హెచ్‌పీవీ పరీక్ష అతుకును చూడదు. ముప్పు ఎక్కువున్న 13, 14 రకాల వైరస్ డీఎన్ఏ నమూనాలో ఉందా లేదా అన్నంతవరకే చెబుతుంది. 30 ఏళ్లు దాటాకే చేయమనడానికి కారణం ఇదే. చిన్న వయసులో సోకేవి చాలావరకు వాటంతటవే పోతాయి. అప్పుడు పరీక్షిస్తే అక్కర్లేని పాజిటివ్‌లు గుట్టలు పడతాయి. 30 దాటాక కనబడితే అది పోకుండా నిలిచి ఉన్నది కావడానికి అవకాశం ఎక్కువ.

పరీక్ష వైరస్‌లోని ఏ భాగాన్ని వెతుకుతుందన్నది అడిగి తెలుసుకోవాల్సిన సంగతి. కొన్ని కిట్లు ఎల్1 జన్యువును వెతుకుతాయి. అతుక్కునే క్రమంలో ఎల్1 పోయిన గడ్డల్లో ఆ కిట్ నెగెటివ్ చూపే అవకాశం ఉంది. ఈ6, ఈ7లను వెతికే కిట్లలో ఆ లోపం లేదు, ఎందుకంటే అవి లేకుండా గడ్డ బతకదు. టీబీ పరీక్షకు వాడే జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం మీదే నడిచే హెచ్‌పీవీ కిట్ ఈ తరహాదే. అందుకే రక్తస్రావం, దుర్వాసనతో తెల్లబట్ట, కలయిక తర్వాత రక్తం లాంటి లక్షణాలు ఉంటే డీఎన్ఏ నెగెటివ్ వచ్చినా బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) మానకూడదు.

'ఇన్‌వాలిడ్' అని వస్తే నెగెటివ్ అని కాదు. చాలా కిట్లలో మనిషి జన్యువు ఒకదాన్ని కూడా వెతుకుతారు. అది కనబడకపోతే బ్రష్‌కు కణాలు సరిగా అంటలేదనో, రక్తం గానీ జెల్ గానీ అడ్డుపడి పీసీఆర్ నడవలేదనో అర్థం. మళ్లీ నమూనా ఇవ్వాలి. నెలసరి రోజుల్లో ఇవ్వకపోవడం, ముందు రెండు రోజులు లోపల మందులు పెట్టకపోవడం మేలు. చంద్రాపూర్, గడ్చిరోలి ఎండల్లో నమూనా సీసాను మూత సరిగా బిగించకుండా బండి డిక్కీలో గంటలకొద్దీ ఉంచితే ద్రవం కారిపోతుంది. కిట్ కరపత్రంలో రాసిన ఉష్ణోగ్రత దాటితే ఫలితాన్ని నమ్మలేం. నమూనాను మహిళలే స్వయంగా తీసుకుని ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మగ డాక్టరు ముందు పరీక్షకు వెనకాడే ఊళ్లలో ఇది పెద్ద వెసులుబాటు.

ధారాశివ్ పల్లెల్లో తేలిన సంగతి

ఈ పరీక్ష ప్రాణాలు నిలుపుతుందని మొట్టమొదట గట్టిగా తేలింది ఈ ప్రాంతంలోనే. అప్పటి ఉస్మానాబాద్, ఇప్పటి ధారాశివ్ జిల్లాలో, పక్కనే షోలాపూర్ జిల్లాలోని బార్శి నర్గీస్ దత్ స్మారక క్యాన్సర్ ఆసుపత్రి, ముంబై టాటా ఆసుపత్రి, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కలిసి 1999లో అధ్యయనం మొదలుపెట్టాయి. 30 నుంచి 59 ఏళ్ల మహిళలు 1,31,746 మందిని ఊళ్లవారీగా 52 గుంపులు చేసి, నాలుగు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి ఒకేసారి హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష, ఒకదానికి ముఖద్వారపు కణాలను సూక్ష్మదర్శినిలో చూసే పాప్ స్మియర్, ఒకదానికి వెనిగర్ ఆమ్లం రాసి చూసే వీఐఏ, నాలుగో దానికి మామూలు వైద్య సేవలే.

8 ఏళ్లు గమనించాక 2009లో ఫలితాలు వెలువడ్డాయి. డీఎన్ఏ పరీక్ష వర్గంలో ముదిరిన క్యాన్సర్లు 39, మరణాలు 34. మామూలు సేవల వర్గంలో ముదిరినవి 82, మరణాలు 64. మిగతా రెండు పద్ధతుల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. అసలు గమనించాల్సింది నెగెటివ్ వచ్చినవాళ్లను. పాప్ స్మియర్ లేదా వీఐఏ నెగెటివ్ వచ్చినవారిలో తర్వాత క్యాన్సర్ వచ్చిన రేటు, డీఎన్ఏ నెగెటివ్ వచ్చినవారి కంటే నాలుగు రెట్లకు పైగా ఉంది. కారణం పైన చూసిందే. కంటికి మార్పు కనబడే ముందే డీఎన్ఏ అక్కడ ఉంటుంది. అది లేనిచోట రాబోయే కొన్నేళ్లు ముప్పు చాలా తక్కువ. పరీక్ష 5 నుంచి 10 ఏళ్లకోసారి చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి ఆధారమిదే. హెచ్‌ఐవీ ఉన్నవారికి మాత్రం 25 ఏళ్ల నుంచి, 3 నుంచి 5 ఏళ్లకోసారి.

పాజిటివ్ వస్తే

ఆ అధ్యయనంలో పరీక్ష చేయించుకున్నవారిలో పదో వంతు మందికి పాజిటివ్ వచ్చింది. వారిలో చాలామందికి క్యాన్సర్ లేదు. తర్వాతి మెట్టు ముఖద్వారాన్ని కంటితో చూడటం. 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం రాసి ఒక నిమిషం ఆగితే, మారిన కణాలున్న చోటు తెల్లబడుతుంది. లేదా పెద్దది చేసి చూపే కాల్పోస్కోపు కింద చూస్తారు. అనుమానం ఉన్నచోట బయాప్సీ. ముందస్తు మార్పు మాత్రమే ఉండి, మచ్చ మొత్తం కనబడుతూ లోపలి కాలువలోకి పాకకపోతే, 100 డిగ్రీల వేడి కొనతో 20 నుంచి 30 సెకన్లు కాల్చే థర్మల్ అబ్లేషన్ చాలు. ఆసుపత్రిలో చేరనక్కర్లేదు. లోపలికి పాకితే వైర్ లూప్‌తో ఆ భాగాన్ని తీసేస్తారు. ఏడాది తర్వాత మళ్లీ పరీక్ష. చూసినప్పుడు ఏ మార్పూ లేకపోతే రెండేళ్లకు హెచ్‌పీవీ పరీక్ష మళ్లీ చేయించుకోవాలి.

డీఎన్ఏ పాజిటివ్ ఒక్కటే కారణంగా గర్భసంచి తీయడానికి వైద్యపరంగా ఆధారం లేదు. బీడ్ జిల్లా చెరుకు కోత కూలీ మహిళల్లో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద 2019లో మహారాష్ట్ర ప్రభుత్వం విచారణ కమిటీ వేయాల్సి వచ్చింది. అదే వలసదారిలో బతికే కుటుంబాలు మరాఠ్వాడా అంతటా ఉన్నాయి. ఎవరైనా ఆ ఆపరేషన్ చెబితే బయాప్సీ రిపోర్టు చేతిలో ఉందా అని అడగడం మహిళ హక్కు.

టీకా సంగతికొస్తే, పుణెలో తయారై 2022లో అనుమతి పొందిన సెర్వావాక్‌తో సహా హెచ్‌పీవీ టీకాలన్నీ ఎల్1 ప్రోటీన్ తొడుగులతో చేసినవే. సెర్వావాక్ 6, 11, 16, 18 రకాల మీద పనిచేస్తుంది. ఇందులో ఎల్1 ప్రోటీన్‌ను ఈస్ట్ కణాలు తయారు చేస్తాయి. ఈ6, ఈ7 జన్యువులు వాటికి ఇవ్వరు కాబట్టి టీకా వల్ల కణం మారే మార్గమే లేదు. టీకా పుట్టించే యాంటీబాడీలు వైరస్‌ను కణంలోకి వెళ్లకుండా ఆపుతాయి. ఇప్పటికే కణంలో ఉన్న వలయాన్ని గానీ, క్రోమోజోమ్‌లో అతుక్కున్న ముక్కను గానీ అవి తాకలేవు, ఎందుకంటే ఆ కణాలు ఎల్1ను బయటికి చూపించవు. అందుకే టీకా 9 ఏళ్ల నుంచి, వైరస్ సోకక ముందే వేయించాలి. ఇంట్లో కూతురికి టీకా వేయించినా తల్లికి పరీక్ష తప్పదు. 16, 18 కాకుండా మిగతా రకాలూ క్యాన్సర్ తెస్తాయి కాబట్టి ఆ కూతురికి కూడా 30 దాటాక పరీక్ష అవసరమే.